పొగకు కాలు ఒక్కటే

జీవరత్నం మొట్టమొదట గెలిచింది మంచు మీద. పందొమ్మిది వందల డెబ్బై నాలుగు మార్చిలో, జంగారెడ్డిగూడెం అవతల పులిరాయిగట్టు మీద, అరవై అడుగుల ఇనుప మంచె ఎక్కి కూర్చున్న ఇరవై ఆరో ఉదయం. అడవిలో మంట ఎక్కడ పుట్టినా ముందుగా చూసి చెప్పడం ఆ మంచె మీది మనిషి పని. అతనికి ముందు నాలుగేళ్లలో ముగ్గుర్ని ఎక్కించారు, ముగ్గుర్నీ దింపేశారు. లోయలో తెల్లగా ఏది లేచినా పొగో పొగో అనేవాళ్లు. ఇరవై మంది గొడ్డళ్లూ పచ్చిమండలూ పట్టుకుని మూడు మైళ్లు పరుగెత్తి వెళితే అక్కడ తడిసిన ఆకులు తప్ప ఏమీ ఉండేవి కావు.

జీవరత్నం ఇరవై అయిదు రోజులు నోరు విప్పలేదు. చూశాడు. ఆఫీసులో "ఈసారి మూగవాణ్ణి ఎక్కించారేవిటయ్యా" అని నవ్వుకున్నారు. నవ్వుకోనిచ్చాడు. ఇరవై ఆరో ఉదయం లోయ నిండా ఓ నలభై తెల్లటి తోకలు లేచి ఉంటే, వాటిలో ఒక్కదానికి వేలు చూపించి, "అది పొగండి. మిగతావన్నీ మంచు" అన్నాడు. వెళ్లి చూస్తే, రాలిన ఇప్పపువ్వు ఏరుకోవడానికి నేల శుభ్రంగా ఉండాలని చెట్ల కింద ఎవరో ఎండుటాకు రాజేసిపోయారు. అది పక్క వెదురు డొంకకి అప్పుడే అంటుకుంటోంది. మిగతా తోకలన్నీ ఎండెక్కగానే కరిగిపోయాయి.

ఎలా కనిపెట్టావయ్యా అని అడిగితే, "మంచుకి కాళ్లు వెయ్యి ఉంటాయండి. పొగకి కాలు ఒక్కటే. పైన ఎంత వంకర తిరిగినా కింద కాలు కదపదు" అన్నాడు. చదువుకున్న దొరబాబులు నాలుగేళ్లు కనిపెట్టలేని సంగతి, మిషను బడిలో అయిదో తరగతితో పలక కింద పెట్టినవాడు ఇరవై ఆరు రోజుల్లో కనిపెట్టాడు.

అసలు ఆ మంచెల సంగతి ఇప్పటివాళ్లకి ఏం తెలుసు? మంచె అంటే జొన్నచేలో పిట్టల్ని తోలేది అనుకుంటారు. దొరల కాలంలో ఆ గట్టు మీద ఇనుము లేదు. పెద్ద నల్లమద్ది చెట్టు ఉండేది. దాని కొమ్మల మధ్య వెదురు తడిక కట్టి, మనిషి నడుముకి తాడు వేసి మానుకి బిగించేవారు, కునుకు పట్టినా కింద పడకుండా. పొగ కనిపిస్తే డప్పు కొట్టాలి. తూర్పుకి ఒక దెబ్బ, పడమరకి రెండు, ఉత్తరానికి మూడు, దక్షిణానికి నాలుగు. తర్వాత డప్పు పోయి అద్దం వచ్చింది. ఎండని అద్దంలో పట్టి ఎదుటి కొండకి మెరుపు కొట్టేవారు. అరవై రెండులో ఇనుప మంచె వచ్చింది. వచ్చింది అంటే లారీ ఎక్కి రాలేదు. ముక్కముక్కగా కొండవాళ్ల భుజాల మీద ఎక్కింది.

ఇనుప మంచెకి కట్టుబాట్లు మూడు, రెండు చెట్టు మంచె నాటివి, ఒకటి ఇనుముతో వచ్చింది. మంచె మీద పొయ్యి వెలిగించకూడదు, చుట్ట కాల్చకూడదు. సొంత పొగ కళ్లకి అడ్డం. ఉరుములు పట్టిన రోజున ఇనుముకి ఒళ్లు తగలకుండా చెక్కపీట మీద కాళ్లు ముడుచుకు కూర్చోవాలి. ఇక మూడోది అన్నిటికన్నా పెద్దది: కింద పొగ నిలబడి ఉన్నంతసేపు మంచె దిగకూడదు. ఇంట్లో పెళ్లయినా, ఒంట్లో జ్వరమైనా.

ఒక్క మంచె వల్ల పని కాదు. పొగ ఏ దిక్కున ఉందో అది చెబుతుంది గానీ ఎంత దూరమో చెప్పలేదు. అందుకని లోయకి ఆవలిపక్క గోగులకొండ మీద రెండో మంచె. దాని మీద ఏడుకొండలు. ఇద్దరి దగ్గరా అంకెలు చెక్కిన గుండ్రటి దిక్కుల పలకలు ఉండేవి. ఇతనో అంకె, అతనో అంకె వైర్‌లెస్‌లో చెబితే, కింద ఆఫీసులో గోడ మీది పటంలో రెండు మేకుల నుంచి రెండు దారాలు లాగేవారు. దారాలు ఎక్కడ కలిస్తే మంట అక్కడ. ఇరవై తొమ్మిది వేసవులు జీవరత్నం చద్దన్నం మూట కట్టుకుని ఆ మంచె ఎక్కాడు. చెప్పిన పొగలు మూడు వందల పన్నెండు. తప్పినవి సున్నా. పచ్చాకు మీద మంటయితే పొగ తెల్లగా బరువుగా లేస్తుందనీ, ఎండుటాకయితే పల్చగా నీలంగా ఉంటుందనీ, నిటారుగా లేచేది ఎవరి ఇంటి పొయ్యో అయి ఉంటుందనీ, వాలి నడిచేది మాత్రమే అడవిని తింటుందనీ కొత్తగా వచ్చిన ప్రతి ఆఫీసరుకీ చెప్పాడు. నేర్చుకున్నవాడు ఒక్కడూ లేడు. ఎనభై మూడు మంటలో టేకు తోట మిగిలిందంటే అతని చలవే. ఆ టేకు ముందు ఫొటో మాత్రం వేరేవాళ్లు దిగారు.

అలాంటివాణ్ణి రెండు వేల రెండు నవంబరులో ఏం చేశారయ్యా అంటే, కొల్లేటికి తోలారు.

కొల్లేట్లో పిట్టలు చూడ్డానికి కొత్తగా సిమెంటు మంచె కట్టారు. దాని మీద మనిషిని వెయ్యాలి. "మంచె మీద పనిచేసిన అనుభవం ఎవరికి ఉంది?" అని ఎవరో మహానుభావుడు ఫైళ్లు తిరగేశాడు. ఇరవై తొమ్మిదేళ్ల అనుభవం కనిపించింది. సంతకం పెట్టేశాడు. ఈత వచ్చు కదా అని చేపని తెచ్చి బావిలో వేసినట్టు.

జీవరత్నం బాధ కొల్లేరు కాదు. రెండు వేల నాలుగు జూను నెలాఖరుకి అతనికి యాభై ఎనిమిది నిండుతాయి, ఉద్యోగం అయిపోతుంది. రెండు వేల మూడు వేసవి కొల్లేట్లో పోయినట్టే. ఇక మిగిలింది ఒక్క వేసవి. ఆ ఒక్కటి పులిరాయిగట్టు మీద పడితే ముప్పై నిండుతాయి. లేకపోతే ఇరవై తొమ్మిది దగ్గరే ఆగిపోవాలి. తిరిగి పంపమని అర్జీ పెట్టుకున్నాడు. ఆ అర్జీ మీద "పంపవచ్చును" అని రాయాల్సినవాడు అక్కడి రేంజి ఆఫీసరు భాస్కరరావు.

నత్తలంకలో తాటాకు ఇల్లొకటి అద్దెకి తీసుకుని భార్య హన్నమ్మతో దిగాడు. హన్నమ్మది పెంటపాడు, చేలల్లో పుట్టి పెరిగిన మనిషి. నీళ్లంటే బెదురు లేదు. మొగుడి చిరాకంటే అసలే లేదు.

"ఏవండీ, చుట్టూ ఎంత చల్లగా ఉందో చూడండి. ఆ రాళ్లగుట్ట మీద ఇరవై తొమ్మిదేళ్లు మాడిపోయారు" అంది.

"చెట్టు లేని అడవిశాఖ. నీళ్లలో నిప్పు కాపలా. నన్ను చూసి చేపలు నవ్వుతున్నాయే" అన్నాడు.

"నవ్వనివ్వండి. కూరకి అవే వస్తాయి."

ఆదివారమైతే చాలు, ఏలూరు నుంచీ తాడేపల్లిగూడెం నుంచీ కార్లేసుకుని జనం దిగేవారు. మెడలో బైనాక్యులర్లు, చేతిలో చిప్సు పొట్లాలు. "ఏవండీ, ఫ్లెమింగోలు ఎన్నింటికి వస్తాయండీ?" అని ఒకావిడ అడిగింది, బస్సు టైము అడిగినట్టు. "ఇంకా టిక్కెట్టు కొనలేదమ్మా అవి" అన్నాడు. ఆవిడ భర్త చక్కగా తలాడించి వాచీ చూసుకున్నాడు. కళ్ల ముందు అయిదు వందల గూడబాతులు వాలి ఉంటే వాటికి వీపు తిప్పి వాళ్లని వాళ్లే ఫొటోలు తీసుకుని పోయేవారు. అలాంటివాళ్ల కోసం సిమెంటు మంచె!

అక్కడ అతనికి దొరికిన మనిషి సత్తిరాజు ఒక్కడే. డిపార్టుమెంటు దోనె నడిపేవాడు. కొల్లేట్లో పుట్టాడు, కొల్లేరు దాటి ఏలూరు మించి వెళ్లలేదు. జీవరత్నం పులిరాయిగట్టు కథలు మొదలుపెడితే దోనెలో గెడ అడ్డంగా పెట్టుకుని "ఆయ్" అంటూ వినేవాడు. విని, "అయితే గార్డుగారండీ, అన్నేళ్లూ పొగ తప్ప ఇంకేం చూడలేదాండీ?" అనేవాడు. ఆ ప్రశ్నకి జీవరత్నం ఒళ్లు మండేది.

రెండు వేల మూడు ఏప్రిల్లో జరగకూడనిది జరిగింది.

సాయంత్రం అయిదున్నర. నీళ్లు బాగా వెనక్కి తీశాయి. ఎండిన కిక్కిస, మనిషి కంటే ఎత్తయిన ఆ రెల్లు, మైళ్ల మేర గోధుమరంగులో నిలబడి ఉంది. దాని మీద, పడమటి పక్క, ఒక స్తంభం లేచింది. నల్లగా, పల్చగా. తాటిచెట్టు కంటే రెండింతలు. పైన వంకర తిరుగుతోంది. కింద కాలు ఒక్కటే. కదలడం లేదు.

సత్తిరాజు చేపలు దింపడానికి లంకకి వెళ్లాడు. అడగడానికి పక్కన మనిషి లేడు. ఉన్నా అడిగేవాడు కాదనుకోండి. ఇరవై తొమ్మిదేళ్లు పొగ చూసిన మనిషి ఎవర్ని అడుగుతాడు? వైర్‌లెస్ సెట్టు అందుకుని పొగ చెప్పేశాడు.

జీపు వచ్చింది. భాస్కరరావు వచ్చాడు. వెనక వ్యానులో పదిహేను మంది వచ్చారు. మోకాలి లోతు బురదలో ముప్పావు మైలు నడిచి ఆ స్తంభం కిందికి చేరారు. అవి పురుగులు! కుట్టని దోమలు, కోటానుకోట్లు, గుయ్యిమంటూ గోపురంలా లేచి తిరుగుతున్నాయి. భాస్కరరావు నోట్లోకి పోయాయి, చెవుల్లోకి పోయాయి. మంచె దగ్గరకి తిరిగి వచ్చేసరికి అతని తెల్ల చొక్కా మిరియాలు జల్లినట్టుంది.

"ఏవయ్యా జీవరత్నం, మూడు వందల పన్నెండూ ఇలాంటివేనా?" అన్నాడు. పదిహేను మందీ నవ్వారు. "చూడూ, నీ అర్జీ నా టేబులు మీదే ఉంది. ఇంకొక్కసారి దోమలకి జీపు తెప్పించావంటే దాన్ని చింపి పారేస్తాను. పెన్షను దాకా నువ్వూ నీ పిట్టలూ."

జీవరత్నాన్ని మంచు మీద గెలిపించిన మాటే దోమల దగ్గర ముంచింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని హన్నమ్మతో, "సున్నా పోయిందే" అన్నాడు. ఆవిడ చారు పోసింది.

మర్నాడు సత్తిరాజు నవ్వాపుకుంటూ వచ్చాడు. "నన్నడగొచ్చు కదండీ. ఎండాకాలం ప్రతి సాయంత్రం లేస్తాయండి అవి."

"పొగలాగే ఉందయ్యా. కాలు కదపలేదు."

"కాలు చూస్తే ఎలాగండీ? పిట్టల్ని చూడాలి. ఎగురుతూ పురుగుల్ని పట్టే బుల్లి పిట్టలుంటాయి చూడండి, దోమలైతే అవి దాని లోపలికి దూరిపోతాయి, పెళ్లి భోజనంలాగ. పొగైతే చుట్టూ తిరిగి పక్కకి పోతాయి. ఈ లంకల్లో పిల్లకాయలకి కూడా తెలుసండి."

అయిదు నెలలుగా పిట్టలు చూసే మంచె మీద కూర్చుని, పిట్టలు చూడ్డం చేతగాని పని అనుకుని, జీవరత్నం వాటిని చూడనే లేదు. ఆ రోజు నుంచి చూశాడు. ఇరవై ఆరు రోజులు కాదు, నెల పైన చూశాడు. ప్రతి సాయంత్రం స్తంభాలు లేచేవి, బుల్లి పిట్టలు లోపలికి దూరేవి. నోరు విప్పలేదు.

మే నెల ఇరవై రెండు. గాలి పడమటి నుంచి వీస్తోంది. అయిదు దాటాక అదే చోట, అదే ఎత్తున, అదే నలుపులో స్తంభం లేచింది. సత్తిరాజు కిందే ఉన్నాడు, దోనె అంచుకి తారు పూస్తున్నాడు. తలెత్తి చూసి "దోమలేలెండి, టైమయింది కదా" అన్నాడు.

జీవరత్నం పిట్టల్ని చూశాడు. అవి వచ్చాయి. స్తంభం దాకా వచ్చి, గోడకి తగిలినట్టు రెండుగా చీలి, పక్కల నుంచి పోయాయి. మళ్లీ వచ్చాయి, మళ్లీ చీలాయి. ఒక్కటీ దూరలేదు.

సెట్టు మీద చెయ్యి వేసి ఆగాడు. తప్పితే అర్జీ చిరుగుతుంది. ముప్పయ్యో వేసవి పోతుంది. చెప్పకుండా ఊరుకుంటే అడిగేవాడు లేడు. దోమలనుకున్నాను అంటే సరిపోతుంది, పదిహేను మంది సాక్ష్యం కూడా ఉంది. ఆ స్తంభానికి తూర్పున, గాలి పోయే దారిలో, నత్తలంక ఉంది. నూట పది తాటాకు ఇళ్లు. అందులో ఒకదాని ముందు హన్నమ్మ ఆ వేళకి బియ్యం చెరుగుతూ ఉంటుంది.

సెట్టు తీశాడు. "పొగ సార్. పడమర. నత్తలంక వైపు నడుస్తోంది."

అవతల భాస్కరరావు నవ్వు. "మళ్లీ దోమలా?"

"పిట్టలు తప్పుకుంటున్నాయి సార్."

"ఓహో, పిట్టలు చెప్పాయా? బాగుంది. ఏ పిట్టో పేరు కూడా చెప్పు, రాసుకుంటాను."

"టైము రాసుకోండి సార్. అయిదూ పది. పుస్తకంలో రాసుకోండి. నేను చెప్పానని రాయండి. తప్పయితే అర్జీ చింపెయ్యండి."

సెట్టు పక్కన పెట్టి కిందికి కేకేశాడు. "సత్తిరాజూ! నా వేలు చూడు. ఈ గీత మీద ఏముంది అక్కడ?"

సత్తిరాజు దోనె మీదకెక్కి వేలు పోయిన దిక్కు చూశాడు. "పాత లాకు గట్టు దగ్గరండి. ముప్పావు మైలు." అప్పుడు వాడి ముక్కుకీ వాసన తగిలింది. "ఓరి నాయనో!" అన్నాడు.

రెండు దారాలూ కలిశాయి.

సత్తిరాజు దోనెలో లంకకి దూసుకుపోయాడు. మగాళ్లూ ఆడాళ్లూ దిగారు. కొండల్లో అయితే పచ్చిమండలతో కొడతారు, నేల చెక్కి బాట తీస్తారు. ఇక్కడ మండలు లేవు. కాలవ నిండా గుర్రపుడెక్క ఉంది. నీళ్లు కారే ఆ తీగల్ని తట్టలకెత్తి, ఇళ్లకీ కిక్కిసకీ మధ్య నడుమెత్తు గోడలా పరిచారు. మంట ఎటు తిరుగుతోందో రెల్లు లోపల ఉన్నవాళ్లకి కనపడదు. అది జీవరత్నానికి కనపడుతుంది. హన్నమ్మ ఎక్కడుందో మాత్రం కనపడలేదు. అయినా దిగలేదు. మంచె మీద నిలబడి ఎర్ర తువాలు ఊపాడు. కుడికి ఊపితే అందరూ కుడికి, ఎడమకి ఊపితే ఎడమకి. మంట ఆ తడిగోడ దాకా వచ్చి, తల వంచి, బుసబుసమంటూ చచ్చింది. చివరి ఇల్లు ఇరవై బారల దూరంలో ఉంది.

ఏడు దాటాక జీపు వచ్చింది. భాస్కరరావు చల్లారిన బూడిదలో ఓ గుర్రపుడెక్క తీగ చేత్తో పట్టుకుని ఫొటో దిగాడు. రిపోర్టులో "సిబ్బంది సకాలంలో గుర్తించి" అని రాశాడు. సిబ్బందికి పేరు లేదు. మసి మొహంతో ఇంటికొచ్చిన హన్నమ్మ, "మీరు తువాలు సరిగ్గా ఊపలేదండీ, నేను రెండుసార్లు తప్పు దారిన పోయాను" అంది. అతని జీవితంలో అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ ఇవ్వలేదు.

జులైలో ఏడుకొండలు ఏలూరు బస్సు దిగి వెతుక్కుంటూ వచ్చాడు. గోగులకొండ మంచె మీద అతనిదీ ఇరవై అయిదేళ్లు. అరుగు మీద కూర్చుంటూనే నవ్వడం మొదలెట్టాడు.

"ఒరే రత్నం, నీ మంచె మీద ఈ ఏడు ఎవణ్ణి వేశారో తెలుసా? ఏదో ఆఫీసులో గుమాస్తాట. ఎక్కిన మూడో రోజునే నాకు పొగ కనపడింది. పలక తిప్పి చూస్తే అంకె ఎక్కడికి పోయింది అనుకున్నావు? తిన్నగా నీ మంచె మీదకే!"

"మంచె తగలబడిందా?"

"తగలబడ్డం కాదురా, ఉప్మా! పైన పొయ్యి పెట్టాడు. చద్దన్నం పడదట ఆయనకి. నీ దిక్కుల పలక మీద ఉల్లిపాయలు తరిగాడురా."

జీవరత్నం మొహం చూసి నవ్వు ఆపాడు. "వేసవంతా ఒక్క పొగ చెప్పలేదు వాడు. ఇప్పుడేమంటున్నారంటే, ఆ మంచె వల్ల ఉపయోగం లేదు, పాత ఇనుముకి వేసేద్దాం అంటున్నారు. మంచెదా తప్పు?"

ఆ వానాకాలంలోనే పెద్దాఫీసరొకాయన కొల్లేటి మంట మీద విచారణకి వచ్చాడు. వైర్‌లెస్ పుస్తకం తెరిచాడు. భాస్కరరావు వేళాకోళంగానే అయినా రాసుకున్నాడు: అయిదూ పది, జీవరత్నం, పొగ, పిట్టలు తప్పుకుంటున్నాయట. దాని కింద జీపు బయల్దేరిన టైము: ఆరూ నలభై. ఆయన ఆ రెండు గీతల్నీ వేలితో కొలిచి, "ఈ గంటన్నరా మీరేం చేస్తున్నారండీ?" అని అడిగాడు.

ఆ తర్వాతే అర్జీ కదిలింది. మెచ్చి పంపారని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఇక్కడే ఉంచితే ఈ మనిషి ఇంకెన్ని టైములు రాయిస్తాడోనని భాస్కరరావు వదిలించుకున్నాడు. ఎలాగైతేనేం, డిసెంబరులో కాగితం వచ్చింది. పులిరాయిగట్టు మంచె ఇంకొక్క ఏడు ఉంచుతారట, జీవరత్నం పోయి ఎక్కాలట.

సత్తిరాజు మొహం చిన్నబుచ్చుకుని, "అక్కడ పిట్టలుంటాయాండీ?" అన్నాడు.

"ఉంటాయి. ఇరవై తొమ్మిదేళ్లు నేనే చూడలేదు."

హన్నమ్మ చర్చిలో ఇచ్చిన కొత్త ఏడు క్యాలెండరు తిప్పింది. "ఏవండీ, మీరు ఎక్కేది ఆదివారం వచ్చింది. ఆరాధన మానేస్తారా?"

"మొదటి ఆరాధనకి వెళ్లి, అటే బస్సెక్కేస్తాను. చద్దన్నం కట్టు. ఓ కొత్త పలక కూడా చేయించాలి, ఆ ఉల్లిపాయల పలక నేను ముట్టను."

ఏడుకొండలుకి కార్డు రాశాడు. గోగులకొండ మీద తను ఎక్కే సాయంత్రం పలక సిద్ధంగా పెట్టుకోమనీ, ముందు తన మంచె వైపు తిప్పి చూడమనీ, పొగ కనపడదనీ, మనిషి కనపడతాడనీ రాశాడు. కార్డు చివర తేదీ వేసి కింద రెండు గీతలు కొట్టాడు: రెండు వేల నాలుగు, ఫిబ్రవరి పదిహేను.